మా వీధిలో ఎవరికీ లేని కీబోర్డు

ఛత్తా బజార్ ప్రెస్సుల్లో, కంప్యూటర్ అమ్మడానికొచ్చిన పెద్దమనిషి చేత ఒక్క పూటలో మూడుసార్లు చెమట తుడిపించినవాణ్ణి నేనొక్కణ్ణే. ధర నాలుగో వంతు కోయించాను. ఆపైన ప్రింటరుకి డజను రిబ్బన్లు, గుండ్రంగా తిరిగే కుర్చీ, మిషను మీద కప్పడానికి ప్లాస్టిక్ తొడుగు, ఏడాది ఉచిత మరమ్మతు, పనివాడికి నెలరోజుల శిక్షణ, కంపెనీ పేరున్న గోడ గడియారం, అన్నీ ఊరికే రాబట్టాను. ఆయన సంచీ సర్దుకుని లేస్తుంటే గడియారంలోకి సెల్లు కూడా అడిగాను. ఇచ్చాడు. రెండు రకాల కీబోర్డులున్నాయి, ఏది కావాలని ఆయన అడిగితే, మా వీధిలో ఎవరికీ లేనిదాన్ని ఏరి మరీ ఎంచుకున్నాను. ఇంత తెలివిగా నష్టపోయిన మనిషి పాతబస్తీ మొత్తంలో మరొకడు ఉండడు. నష్టం నా ఒక్కడిదే అయితే ఇప్పటికీ చాయ్ హోటల్లో ఆ కథ చెప్పి నలుగురినీ నవ్వించేవాణ్ణే. ఏళ్ళ తరబడి అలాగే చెప్పాను కూడా. పోయిన నెల మాదన్నపేటలో మా ప్రెస్సులో అక్షరాలు కూర్చిన కంపోజిటర్ యాదగిరి చనిపోయాడు. శ్మశానం నుంచి వచ్చి స్నానం చేసి కూర్చున్నప్పటి నుంచీ ఆ కథ నా నోటికి నవ్వుగా రావడం లేదు.

ముందు నా చదువు సంగతి చెప్పాలి. బడి చదువు కాదు, దుకాణం చదువు. మా బాపు లాడ్ బజార్‌లో గాజులు అమ్మేవాడు. చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత దుకాణం. వెనక సందులో లక్క గాజులు చేసే కార్ఖానా ఉండేది. బొగ్గుల మీద కరుగుతున్న లక్క వాసన, బాపు వెలిగించే ఊదు వాసన, గాజుల డబ్బాల అట్టకి పట్టిన జిగురు వాసన కలిసి మా బట్టల్లోకే ఎక్కేవి. బడిలో పక్కన కూర్చున్నవాడు నన్ను చూడకుండానే నేనొచ్చానని చెప్పేవాడు. బోణీ అయ్యేదాకా బాపు చాయ్ ముట్టుకునేవాడు కాదు. వచ్చిన ఆడమనిషి మణికట్టు చూసి సైజు చెప్పేవాడు, ముఖం చూసి ధర చెప్పేవాడు. మొదటిది ఎన్నడూ తప్పేది కాదు, రెండోది ఎన్నడూ ఒకటిగా ఉండేది కాదు. ప్రతి డబ్బా అడుగునా కొన్న ధర రాసి ఉండేది కాని, అంకెల్లో కాదు. సున్నా నుంచి తొమ్మిది దాకా పది గుర్తులు బాపు సొంతంగా కల్పించుకున్నాడు: తోక ఉన్న చుక్క, తిరగేసిన కొడవలి, కాళ్ళు లేని నిచ్చెన, ఇలాంటివి. కొనేవాళ్ళకి అది ఏదో పిచ్చిగీత. బాపుకి మాత్రం ఎంతదాకా దిగిరావచ్చో అది చెప్పేది. పక్క దుకాణం గుర్తులు వేరు, ఆ పక్కవాడివి వేరు. నాకు మీసాలు రాకముందే బాపు ఆ పది గుర్తులూ చెవిలో మంత్రం చెప్పినంత గుట్టుగా నేర్పాడు. మా అమ్మకి చెప్పలేదు.

ఒక వానాకాలం బాపుకి టైఫాయిడ్ వచ్చింది. నేను అప్పుడు ఊళ్ళో లేను, వరంగల్‌లో మేనమామ ఇంట్లో ఉన్నాను. అమ్మ వంట పొద్దున్నే ముగించి, చెంగు నడుముకు దోపుకుని, ఇరవై రోజులు దుకాణంలో కూర్చుంది. డబ్బా తిప్పి చూస్తే కొడవళ్ళూ నిచ్చెనలూ. అంచనా మీద అమ్మింది. కొన్ని సరుకులు కొన్న ధరకన్నా తక్కువకి పోయాయి, కొన్నిటికి మరీ ఎక్కువ చెప్పడంతో పాత బేరాలు లేచిపోయాయి. బాపు లేచి తిరగగలగ్గానే ఆమె మీద ఎగిరిపడ్డాడు. అమ్మ చాటలో బియ్యం ఏరుతూ తల కూడా ఎత్తలేదు. "నీ రాత నువ్వే సదువుకుంటివి. నేనెట్ల సదవాలె? సచ్చిపోతే గూడ గిట్లనే తాళమేసి పోతవా?" అంది. బాపు నవ్వాడు. ఊరి నుంచి వచ్చిన నేనూ నవ్వాను. ఇతరులు చదవలేనిదే మన ఆస్తి అనేది ఆ సంఘటనలోంచి నేను ఏరుకున్న పాఠం. అందులో అమ్మవైపు పాఠం కూడా ఒకటుందని తెలియడానికి నాకు ముసలితనం రావలసి వచ్చింది.

గాజుల దుకాణం అన్నయ్యకి వెళ్ళింది. నా వాటాకి ఛత్తా బజార్‌లో మూతపడబోతున్న ఒక అచ్చాఫీసు కొని ఇచ్చారు. లోపల అడుగుపెడితే కిరసనాయిలు, సిరా, తడికాగితం కలిసిన వాసన. యాదగిరి ఆ మిషన్లతోపాటే నాకు సంక్రమించాడు. నాకన్నా పదేళ్ళు పెద్ద. నేను ఆయన్ని యాదన్నా అనేవాణ్ణి, వీధంతా నన్ను నర్సింగ్ అన్నా ఆయన సేట్ అనేవాడు. మాదన్నపేట నుంచి సైకిలు మీద వచ్చేవాడు. హ్యాండిలుకి రెండు గిన్నెల టిఫిన్ వేలాడుతుండేది, పై దాంట్లో జొన్నరొట్టె, కింది దాంట్లో పచ్చిపులుసు. అక్షరాల గూళ్ళ పెట్టె ముందు నిలబడి, కాగితం మీదనుంచి చూపు తిప్పకుండా, చెయ్యి దానంతటదే ఏ గూట్లోకి పోవాలో ఆ గూట్లోకి పోతుంటే, సీసపు అక్షరాలు ఎడమ చేతిలోని స్టిక్కులో, వరస పేర్చే ఆ ఇనప పట్టీలో, టిక్కు టిక్కుమని కూర్చునేవి. అచ్చులో అక్షరాలు తిరగబడి ఉంటాయి కదా, ఆయన వాటిని మనం దినపత్రిక చదివినట్టు చదివేవాడు. ఒకసారి పెళ్ళి కార్డులో వరుడి తండ్రి పేరూ వధువు తండ్రి పేరూ తారుమారైతే, పెళ్ళివారే గమనించని ఆ తప్పుని పట్టుకుని, "సేట్, గిట్ల అచ్చేస్తే కట్నం ఎవలు ఎవలకియ్యాలెనో లొల్లయితది" అన్నాడు. కిరసనాయిలుతో చేతులు కడుక్కుని, ఆ తర్వాత సబ్బుతో కడుక్కుని, గోళ్ళకింద ఇంకా నలుపు ఉందేమోనని వెలుతురులోకి పోయి చూసుకుని గాని అన్నం గిన్నె ముట్టేవాడు కాదు.

మా వీధిలో ఏడు ప్రెస్సులుండేవి. అన్నిటి మధ్యా ఒక అలవాటుండేది, అది ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. ఏదైనా అక్షరం తక్కువ పడితే, పక్క ప్రెస్సుకి పోయి చిన్న డబ్బాలో నాలుగు పిడికిళ్ళు తెచ్చుకోవడమే. పెళ్ళిళ్ళ కాలంలో అందరికీ ఒకేసారి 'శ్రీ' కరువయ్యేది. ఆ కాలంలో వీధిలోకెల్లా ఎక్కువ 'శ్రీ'లు ఉన్నది మోయిన్ భాయ్ దగ్గర. ఆయనది మా ఎదుటి ప్రెస్సు. తెలుగూ ఉర్దూ రెండూ వేసేవాడు. వయసులో అందరికన్నా పెద్ద, గడ్డం మధ్యలో తెలుపు, ఎప్పుడూ ఎడమ జేబులో వక్కపొడి. "తీస్కపో బేటా, మీ దేవుని అచ్చరాలు నా డబ్బాలల్ల నిద్రపోతున్నయ్" అని ఇచ్చేవాడు. పని అయ్యాక తిరిగి ఇచ్చేటప్పుడు ఎవరివి ఎవరికి వెళ్ళాయో ఎవరూ చూసేవారు కాదు. ఏ పోతపనివాడు పోసినా అక్షరం ఎత్తు ఒక్కటే. ఎవరి స్టిక్కులోనైనా కూర్చునేది. అది ఎంత గొప్ప సంగతో మాకెవరికీ తట్టలేదు, గాలి గురించి తట్టనట్టే.

కలిసి మెలిసి ఉండేవాళ్ళం అంటే దొంగలం కాదని కాదు. మంచి కంపోజిటర్‌ని లాక్కోవడం ఆ వీధిలో పెద్ద నేరం కింద లెక్క కాదు. బిర్యానీ తినిపించి, ఇరవై రూపాయలు ఎక్కువ చెబితే పొద్దునకల్లా మనిషి గోడ దాటేవాడు. నేను కూడా ఇద్దరిని అలాగే దాటించాను. అందుకే మోయిన్ భాయ్ మా వాకిట్లో ఆగి, "ఏం యాదగిరీ, పిల్ల మంచిగున్నదా? సదువుతున్నదా?" అని అడిగినప్పుడల్లా నేను చేతిలో పని ఆపి చెవి అటు వేసేవాణ్ణి. ఒకరి కుశలం అడగడానికి కుశలం తప్ప వేరే కారణం ఉంటుందని మా దుకాణం నేర్పింది.

కంప్యూటర్లు వచ్చాయి. సీసం అక్కరలేదు, తెరమీద కొడితే చాలు అన్నారు. మద్రాసు నుంచి ఒక కంపెనీ మనిషి వచ్చాడు, రాఘవన్ అని. వీధిలోని ప్రెస్సులవాళ్ళందరినీ ఒక హోటల్ మేడమీద సమావేశపరిచాడు. చాయ్, ఉస్మానియా బిస్కట్లు, సమోసాలు కంపెనీవే. ఆ రోజు నేను నాలుగు సమోసాలు తిన్నాను. ఎవరి సమోసాలు తింటున్నామో వారి మాటకి తల ఊపడం ఎంత సులభమో అప్పుడు గమనించలేదు. రాఘవన్ చెప్పడం అయ్యాక మోయిన్ భాయ్ లేచాడు. బిస్కట్ ముట్టుకోలేదు.

"సునో భాయ్, మిషిన్ కంపెనోనిది. మంచిగనే ఉన్నది, కొందాం. కాని అచ్చరం ఎవనిది? ఇయ్యాల నర్సింగ్ దగ్గర 'శ్రీ' తక్కువైతే నేనిస్తున్న. ఆయన స్టిక్కుల కూసుంటున్నది. రేపు ఆయన మిషిన్ల కొట్టింది నా మిషిన్ల తెరుసుకోకపోతే మనం ఇరుగుపొరుగు పడోసులమెట్లయితం? సర్కారోళ్ళు అందరికీ ఒక్కటే కీబోర్డు, మిషిన్ల అచ్చరం దాసెతందుకు ఒక్కటే కోడు పెట్టిండ్రంట. ఏడుగురం కలిసి, గవ్వి ఉంటెనే కొంటమని చెప్పుదాం. ఎందుకియ్యరు?"

రాఘవన్ చేతిరుమాలు తీశాడు. ఇద్దరు ముగ్గురు తలలు ఊపారు కూడా. ఆ ఒక్క నిమిషం గట్టిగా నిలబడి ఉంటే మా వీధి కథ వేరుగా ఉండేది. కాని ఆయన మాటల్లో నాకు వినపడింది వేరు. ఒక్కటే కీబోర్డు అయితే, యాదగిరి ఏ ప్రెస్సులోనైనా కూర్చోగలడు. అదీ ఆయన ఎత్తు అనుకున్నాను. బేరం తప్ప వేరే భాష తెలియనివాడికి ధర్మం మాట్లాడినా బేరంలాగే వినిపిస్తుంది. లేచి, నవ్వుతూ, అందరికీ వినపడేలా అన్నాను:

"మోయిన్ భాయ్, మీకు అచ్చరాల ఫికర్ కాదు, నా కంపోజిటర్ ఫికర్! ఒక్కటే కీబోర్డైతే యాదన్నని రేపే మీ కుర్సీల కూసోబెట్టుకోవచ్చు, గంతే గదా?"

మేడంతా ఘొల్లున నవ్వింది. నవ్వించగలిగినవాడే గెలుస్తాడని అందరికీ తెలుసు. రాఘవన్ రుమాలు జేబులో పెట్టుకున్నాడు. మోయిన్ భాయ్ నావైపు చూసి, గొంతు పెంచకుండా, "కూసోబెట్టుకుంటె ఏంది? ఆయన చేతులు ఆయనవే గదా" అన్నాడు. నవ్వుల్లో ఆ మాట ఎవరికీ వినపడలేదు. నాకు వినపడింది. ముందు నర్సింగ్‌ని కొననిద్దాం, తర్వాత చూద్దాం అనుకుంటూ అందరూ లేచిపోయారు. ఆ తర్వాత ఎవరికి తోచింది వారు, ఎవడు ఎక్కువ తగ్గిస్తే వాడి దగ్గర కొన్నారు. అందరి కీబోర్డు ఉన్న మిషను అప్పట్లో ఆ వీధిలోకి ఒక్కటీ రాలేదు. మోయిన్ భాయ్ మాత్రం ఏమీ కొనక సీసపు అక్షరాలతోనే నడిపించాడు.

మర్నాడు రాఘవన్ మా ప్రెస్సుకి వచ్చాడు. చెమట తుడిపించిన కథ ఆనాటిదే. అంతా అయ్యాక, "సార్, కీబోర్డు రెండు రకాలు ఉంది," అన్నాడు. "ఒకటి గవర్నమెంట్ అందరికీ అని పెట్టింది. ఇంకోటి మా సొంతం. రేటు సేమ్. ఏది వెయ్యమంటారు?"

"తేడా ఏంది?"

"అందులో హల్లులు కుడి చేతికి, అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి. మాది దానికి రివర్స్ సార్." నా ముఖం చూసి, నెమ్మదిగా కలిపాడు: "మా దాంట్లో నేర్చుకున్నవాళ్ళకి వేరే దాంట్లో చెయ్యి తిరగదు."

"ఈ గల్లీల మీ సొంతది ఎవలన్న కొన్నరా?"

"మీరే ఫస్ట్ సార్."

"గదే ఎయ్యి. రెండోది గూడ ఊకెనే ఇచ్చి పో."

"డిస్క్ ఇస్తాను సార్. కావాలంటే ఎప్పుడైనా ఎక్కించుకోవచ్చు, పది నిమిషాల పని."

ఇచ్చాడు. ఊరికే వచ్చేదాన్ని వదులుకోవడం మా వంశంలో లేదు గనక తీసుకుని సొరుగులో పెట్టాను. యాదగిరితో మాత్రం, "ఈ మిషిన్‌కు ఈ కీబోర్డొక్కటే వస్తది యాదన్నా" అన్నాను. బాపు నేర్పిన పది గుర్తులకన్నా గొప్ప తాళం నాకు దొరికింది. డబ్బాకి కాదు, మనిషికి వేసే తాళం.

కంప్యూటర్ కోసం పక్కగదికి అద్దాల తలుపు పెట్టించి, ఏసీ బిగించాను. చెప్పులు బయట విప్పి లోపలికి పోవాలి. నలభై దాటిన యాదగిరి గుళ్ళోకి పోయినట్టు కాళ్ళు కడుక్కుని మరీ లోపలికి వెళ్ళేవాడు. మొదట్లో వేళ్ళు గూళ్ళ పెట్టెకోసం వెతుక్కునేవి. పది పన్నెండు రోజులు ఒక్క పేరా కొట్టడానికి గంటలు పట్టేది. పెదవులు కదుపుతూ, "ఎడమ క, ఎడమ త, కుడి కొమ్ము" అని తనలో తనే అనుకునేవాడు. అన్నం తింటూ కూడా తొడమీద వేళ్ళాడించేవాడు. మూడో నెలకల్లా ఎవరూ నమ్మలేనంత వేగం వచ్చింది. పక్క ప్రెస్సుల వాళ్ళు వచ్చి అద్దంలోంచి చూసేవాళ్ళు. నేను చాయ్ తాగుతూ, వాళ్ళు చూస్తుండగా చూసేవాణ్ణి. చూసుకోండి, తీసుకుపోలేరు.

రెండేళ్ళు గడిచాయేమో. ఒక మధ్యాహ్నం యాదగిరి అన్నం తిన్న చేయి కడుక్కుని, జేబులోంచి పత్రికలో కత్తిరించిన ముక్క తీసి నా ముందు పెట్టాడు. ఒక సర్కారు ముద్రణాలయంలో కంప్యూటర్ మీద కంపోజు చేసేవాళ్ళు కావాలి. అచ్చాఫీసుల్లో పనిచేసినవాళ్ళకి వయసు సడలింపు, ఈ ఒక్కసారికే. పక్కా కొలువు, పెన్షను.

"సేట్, కోపం జేస్కోవద్దు. మీకు ఇంకొకర్ని తయారుజేసే పోత," అన్నాడు. "పరీచ్చ ఆ అందరి కీబోర్డు మీదంట. మన మిషిన్ల అది ఎక్కిస్తే, పనైనంక రోజు అరగంట నేర్చుకుంట. నెల దినాలు చాలు నాకు."

"కంపెనోళ్ళు ఇయ్యరు యాదన్నా. వాళ్ళ మిషిన్ల వాళ్ళదే నడుస్తది."

"ఒక్కపారి అడిగి సూడరాదుండ్రి. మీరు అడిగితే ఎవలు కాదంటరు?"

నా బేరం మీద ఆయనకంత నమ్మకం. సొరుగు నా మోకాలికి తగులుతూ ఉంది. "అడుగుత, ఎందుకడగ" అన్నాను. మర్నాడు ఆయన వింటుండగా ఫోన్ ఎత్తి, అవతల ఎవరూ లేని లైనులో రాఘవన్‌తో పోట్లాడాను. బల్ల గుద్దాను. "ఇంత సరుకు కొన్నోనికి గిదొక్కటి ఇయ్యరా? ఏంది మీ దాదాగిరి?" అని అరిచాను. జీవితంలో అంత గట్టిగా, అంత బాగా నేను ఎవరితోనూ పోట్లాడలేదు. ఫోన్ పెట్టేసి తల అడ్డంగా ఊపాను. యాదగిరి నా ముఖం చూసి, "పోనియ్యుండ్రి సేట్. నా కోసం మీరెందుకు పరేషానయితరు" అని నన్నే ఓదార్చాడు.

ఆయన ఊరుకోలేదు. పెళ్ళి కార్డుల అట్ట ముక్క మీద స్కేలుతో గళ్ళు గీసి, ఎవరినో అడిగి తెచ్చిన పటం చూసి, గడికో అక్షరం రాసుకున్నాడు. ఇంటి దగ్గర భార్య లక్ష్మమ్మ పొయ్యి ముందు కూర్చుని పత్రిక పైకి చదివి వినిపిస్తుంటే, ఆయన గడప మీద కూర్చుని అట్టమీద కొట్టేవాడట. ఒకనాడు ఆ అట్ట సంచీలోంచి జారి ప్రెస్సులో పడితే నేను చూశాను. అక్షరాలు అచ్చుగుద్దినట్టు రాశాడు. అప్పటికే వేళ్ళు తగిలి కొన్ని గళ్ళు మాసిపోయాయి. సిగ్గుపడుతూ తీసుకుని, "తప్పు కొడితే అట్ట చెప్పది గదా సేట్. గదే కష్టం" అన్నాడు. ఆయన వెళ్ళాక సొరుగు తెరిచాను. డిస్కు అక్కడే ఉంది, కవరు కూడా విప్పలేదు. పది నిమిషాల పని. నేను బతికినన్నాళ్ళలో ఏ పది నిమిషాలైనా తిరిగి ఇస్తామంటే ఆ పది నిమిషాలే అడుగుతాను. సొరుగు మూసి చాయ్ తెప్పించుకున్నాను.

పరీక్షకి ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని పోయాడు. మధ్యాహ్నానికే తిరిగొచ్చి, చెప్పులు విప్పి, అద్దాల గదిలో తన కుర్చీలో కూర్చున్నాడు. అడగకముందే చెప్పాడు. "చేతులు మారిపోయినయ్ సేట్. తలకాయ కుడి అంటది, చెయ్యి ఎడమకు పోతది. ఆ పెద్దసారు కాయితం సూసి, గిదేం భాషయ్యా అని నవ్విండు. ఆయన తప్పు కాదు. నాకే నవ్వొచ్చింది." కాసేపు తన రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని చూసుకున్నాడు. తర్వాత ఆగిపోయిన కరపత్రం పని అందుకున్నాడు. టకటకా, ఒక్క తప్పు లేకుండా. ఆ నెల నేను ఆయన జీతం పెంచాను. ఆయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. తీసుకున్నాను.

ఆ తర్వాతిది వ్యాపారం కథ, అందరికీ తెలిసినదే. కొన్నేళ్ళకి కంపెనీని ఇంకెవరో కొన్నారు, మా మిషను రకాన్ని ఆపేశారు. మరమ్మతుకి మనిషి రాడు, విడిభాగం దొరకదు. యాదగిరి కొట్టిపెట్టిన కార్డులు, కరపత్రాలు, రెండు చిన్న పుస్తకాలు ఏ కొత్త మిషనులోనూ తెరుచుకోలేదు. ఎదుటింటి మోయిన్ భాయ్ ఆలస్యంగా కొన్నాడు గాని, అందరి కీబోర్డు, అందరి కోడు ఉన్నదే కొన్నాడు. మిషను మార్చినా ఆయన సరుకు ఆయన వెంటే పోయింది. కంపెనీ మోసం చేసిందని నేను చాలాకాలం తిట్టాను. నిజానికి కంపెనీ నేను అడిగిందే అమ్మింది. యాదగిరికి నేను ఏం చేశానో, నాకు కంపెనీ అదే చేసింది. ఒక్కటే తేడా, కంపెనీ నన్ను ఎన్నడూ అన్నా అని పిలవలేదు. కొత్త మిషను కొన్నప్పుడు ఇన్‌స్టిట్యూట్‌లో అందరి కీబోర్డు నేర్చుకున్న ఒక అమ్మాయిని పెట్టుకున్నాను. యాదగిరికి యాభై దాటాయి. కొత్తగా చేతులు మార్చుకునే ఓపిక తనకి లేదన్నాడు. కార్డులు మడతపెట్టి, కవర్లలో పెట్టే బల్ల దగ్గర కూర్చోబెట్టాను. కళ్ళు మసకబారేదాకా అక్కడే కూర్చున్నాడు.

ఆయన పోయిన ఆరో రోజున కూతురు సుజాత ప్రెస్సుకి వచ్చింది. నడివయసు మనిషి, ఒక బడిలో పంతులమ్మ. దశదినకర్మ కార్డు కోసం. "రాసుకొచ్చినవా బిడ్డా?" అని కాగితం కోసం చెయ్యి చాపాను. "బస్సు కోసం నిలబడి ఫోన్ల కొట్టిన కాకా, పంపిస్త" అంది. నేను కళ్ళజోడు సర్దుకునేలోగా నా కంప్యూటర్ తెర మీదకి వచ్చేసింది. ఒక్క వత్తు విరగలేదు, ఒక్క దీర్ఘం జారలేదు. ఆమె ఫోన్ చేసినవాడు వేరు, నా మిషను చేసినవాడు వేరు. మాదన్నపేటలో బస్సుకోసం నిలబడి ఆమె కొట్టిన తండ్రి పేరు, ఆమె కొట్టింది కొట్టినట్టే నా ఎదుట ఉంది. ఒకప్పుడు ఆ పేరు నా గది నుంచి వీధి దాటి ఎదుటి గదిలోకి పోయేది కాదు. ఇవాళ పోతున్నదంటే, మోయిన్ భాయ్ లాంటి మొండివాళ్ళు ఎక్కడెక్కడో, ఏ సమోసాలూ తినకుండా, ఏళ్ళ తరబడి అడిగింది అడిగినట్టే అడుగుతూ కూర్చున్నారన్నమాట. వాళ్ళలో నేను లేను.

కార్డు అచ్చవుతుంటే సుజాత కుర్చీలో కూర్చుంది. "నాయిన ఎప్పుడన్న ఆ సర్కారు నౌకరి ముచ్చటొస్తే మిమ్మల్నే యాదిజేసెటోడు కాకా," అంది. "సేట్ నా కోసం కంపెనోళ్ళతోని మస్తు కొట్లాడిండు, ఆళ్ళే ఇయ్యలే, నా అదృష్టమే గంత, అనెటోడు."

చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టాను. ఇంకొక ముఖం దొరికి ఉంటే అది పెట్టుకునేవాణ్ణే. దొరకలేదు.

"కొట్లాడలేదు బిడ్డా. ఫోన్ల అవతల ఎవలు లేకుండె. కంపెనోళ్ళు ఆ కీబోర్డు ఎప్పుడో ఇచ్చిండ్రు. నా సొరుగులనే ఉండె. మీ నాయిన పోతడని నేనే ఎక్కియ్యలే."

మిషను కార్డులు వదులుతూనే ఉంది. ఆమె నన్ను కాదు, నా చేతుల్ని చూసింది.

"నాయినకు తెలుసా?"

"తెల్వది."

"అమ్మకు చెప్పకుండ్రి. గా అట్టను ఇంకా పెట్టెల దాసుకున్నది." లేచి నిలబడి, బ్యాగు తెరిచింది. "కార్డులకెంతయింది సేట్?"

వచ్చేటప్పుడు కాకా అన్నది. డబ్బులొద్దన్నాను. ఎంతో చెప్పమని మళ్ళీ అదే గొంతుతో అడిగింది. చెప్పాను. నా జీవితమంతా నేను చెప్పిన ధరకి ఎవరో ఒకరు ముఖం చిట్లించారు, సగానికి అడిగారు, లేచిపోతున్నట్టు నటించారు. ఆమె అలాంటిదేమీ చెయ్యలేదు. అడిగినంతా లెక్కపెట్టి బల్ల మీద పెట్టి, కార్డుల కట్ట సంచీలో వేసుకుని వెళ్ళిపోయింది.

లక్ష్మమ్మకి నెల నెలా ఏమైనా పంపుదామా అని ఆ తర్వాత ఆలోచించాను. అప్పుడు కూడా నా మనసు మొదట అడిగిన ప్రశ్న, ఎంతకి ఒప్పుకుంటారు అని. అందుకే ఆ ఆలోచన ఆపి, కనీసం బిల్లయినా సరిగ్గా రాద్దామని కూర్చున్నాను. దశదినకర్మ కార్డులు నూటయాభై, చెల్లు. ఇక నాది. రిటైరయ్యేదాకా ఒక మనిషి చెయ్యగలిగి, చెయ్యనివ్వని కొలువు ఒకటి. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్ళూ రాని పెన్షను. తన చేతులే చేతకానివని నమ్ముతూ కార్డులు మడిచిన సంవత్సరాలు, వాటికి ధర కట్టడం నాకు రాదు. తగ్గింపు కింద, పరీక్ష పోయిన నెల పెంచిన జీతం రాసి, అది నా మనసు కుదురుకోవడానికి పెంచింది గనక మళ్ళీ కొట్టేశాను. ఇక చివరిది, భర్త కొలువు మీద భార్యకి బతికినన్నాళ్ళూ వచ్చే సగం పెన్షను. దాని కింద గీత గీసి మొత్తం వెయ్యడానికి లేదు, అది ఇంకా నడుస్తూనే ఉంది. మొన్న ఒకటో తారీఖున కూడా లక్ష్మమ్మకి రాలేదు.